ఆకలి లేదన్నదెవరు

ఆ మధ్యాహ్నం చొక్కాల కార్ఖానాలో అందరూ చూస్తుండగా, కాలర్లు కుట్టే కాలరక్క మిషను ముందునుంచి లేచి వెళ్లి, గోడమీది స్పీకరు వైరు పీకి పారేసింది.

పాట చరణం మధ్యలో తెగిపోయింది. ఒక్కొక్కటిగా మిషన్లు కూడా ఆగాయి. వరసలో అందరికంటే ముందు తేరుకున్నది గుండీలు కుట్టే పిన్ని. ఆ పాట వచ్చినప్పుడల్లా ఆవిడకి కళ్లు తుడుచుకోవడం అలవాటు. అప్పటికే కొంగు కంటిదాకా తెచ్చి ఉంది.

"ఏంటే ఇది? పాటేం పాపం చేసింది?"

"తల పగిలిపోతోంది పిన్నీ."

"తల పగిలితే మాత్ర మింగు. మా అమ్మని మధ్యలో ఆపేస్తావేం?"

కాలరక్క తన పీట మీద కూర్చుని కాలరు ముక్క అందుకుంది. రెండు ముక్కల మధ్య గట్టి గుడ్డ పెట్టి మూడువైపులా కుట్టడం అయింది. ఇక తిరగేసి, మొండి పుల్లతో లోపల్నుంచి మూలని పొడవాలి. గట్టిగా పొడిస్తే చిరుగుతుంది, మెత్తగా పొడిస్తే మూల మొద్దుబారిపోతుంది. ఏళ్ల తరబడి చేస్తున్న పని, చూడకుండా చేయగలదు. ఆ రోజు మాత్రం పుల్ల గుడ్డని చీల్చుకుని అవతలికొచ్చింది.

"మీ అమ్మేం కాదు" అంది, చిరిగిన ముక్కని బుట్టలోకి విసిరేస్తూ. "మా అమ్మ కూడా కాదు."

ఆ పాట రాసింది ఆమె తమ్ముడని కార్ఖానాలో చీపురు పట్టే మనిషికి కూడా తెలుసు. పాట బయటికొచ్చిన కొత్తలో ఆమె మిషను దగ్గరికొచ్చి చేతులు పట్టుకున్నవాళ్లున్నారు. 'ఎంత అదృష్టవంతురాలివే, అలాంటి తల్లి కడుపున పుట్టావు' అన్నవాళ్లున్నారు. అప్పుడు ఆమె తల వంచుకుని నవ్వి ఊరుకుంది. ఊరుకున్నకొద్దీ పాట పెరిగింది. బస్సులో అదే, బడ్డీకొట్లో అదే, వీధి చివర పిల్లల బడి గంట కొట్టాక అదే.

ఆకలి లేదని అన్నది అమ్మ
ఆఖరి ముద్దను ఇచ్చిన అమ్మ
వానకు వీపును ఒడ్డిన అమ్మ
కాగిన నుదుటిని తడిపిన అమ్మ

"మరెవరమ్మా?" అంది పిన్ని వెటకారంగా.

"నేను. ఆకలి లేదన్నది నేను. ఇల్లు కారుతుంటే వాడి మీద గొడుగులా వంగి పడుకున్నది నేను. వాడికి జ్వరమొస్తే గుడ్డ తడిపి వేసింది నేను. నాకప్పుడు పదేళ్లు."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. పిన్ని నవ్వలేదు. నోరు తెరిచి ఆమెనే చూసింది.

"అత్త మీద ఏడ్చేవాళ్లని చూశాను, ఆడపడుచు మీద ఏడ్చేవాళ్లని చూశాను. కన్నతల్లి మీద ఏడ్చేదాన్ని ఇప్పుడే చూస్తున్నా. ముసలావిడకి నలుగురూ ఓ మంచిమాట అంటే నీకు కడుపులో దేవుతోందా?"

ఈలోగా మేస్త్రీ వచ్చి వైరు మళ్లీ తగిలించాడు. "నీ ఇంటి పంచాయితీ ఇంటి దగ్గర పెట్టుకో. ఈ పాటకి చేతులు చురుగ్గా ఆడతాయి" అని, పాటని మొదట్నుంచి, ముందుకంటే గట్టిగా పెట్టి వెళ్లాడు.

సాయంత్రం బట్టలు ఇస్త్రీ బల్లకి చేరవేస్తున్నప్పుడు ఇస్త్రీ మామ గొంతు తగ్గించి అన్నాడు. "నాకైతే ఆ పాట వింటే మా వదిన గుర్తొస్తుందమ్మా. పెంచింది ఆవిడే. పాటలో అమ్మ అనుంటే ఏం, నేను వదినే అనుకుంటా. ఎవరికి వాళ్లు తమ మనిషిని అందులో కూర్చోబెట్టుకుంటారు. పాట అంటే అంతేగా."

"నీకు నీ వదిన గుర్తొస్తుంది. బాగానే ఉంది. నాకెవరు గుర్తు రావాలి మామా? నా ముద్ద నేనే ఇచ్చి, నా పాట నేనే విని, నన్ను తలుచుకుని నేనే ఏడవాలా?"

మామ ఇస్త్రీపెట్టె ఎత్తి చొక్కా మీద ఆనించాడు. ఆవిరి లేచింది.

*

కార్ఖానాలో అన్న మాట ఆమెకంటే ముందు ఇల్లు చేరింది. గుండీల పిన్ని ఇల్లు పక్క సందులోనే.

తల్లి కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. ఈమధ్య ఆవిడ కూర్చునేది అక్కడే. వీధిలో పోయేవాళ్లు ఆగి పలకరిస్తారు. కొందరు లోపలికొచ్చి పక్కన నిలబడి ఫోటో తీసుకుంటారు. వాళ్లందరికీ ఆవిడ ఒకే ముఖం చూపిస్తుంది. పళ్లు పీకించుకోవడానికి కూర్చున్న మనిషిలా బిగుసుకుపోతుంది. చూసేవాళ్లకి అది వినయంలా కనిపిస్తుంది.

"లోకమంతా చాటింపు వేస్తున్నావంటగా" అంది తల్లి, కూతురు చెప్పులు విడవకముందే.

"లోకమంతా నీ పేరు పాడుతోంది. నేనొక్కదాన్ని అంటే ఏం తరుగుతుంది నీకు?"

"నేను పాడమన్నానా?"

"కాదని కూడా అనలేదుగా."

తల్లి కిటికీ వైపు తిరిగింది. "కూర మాడుతోంది చూడు."

పొయ్యి మీద అసలేమీ లేదు. కాలరక్క ఆ సంగతి చెప్పకుండా లోపలికెళ్లి గిన్నెలు చప్పుడయ్యేలా కడిగింది. ఆ ఇంట్లో వాళ్లిద్దరి మధ్యా చాలా ఏళ్లుగా నడుస్తున్న భాష గిన్నెలదే. మూత విసిరితే ఒక అర్థం, గరిట పెడితే ఇంకో అర్థం. ఆ పాట వచ్చాక మాత్రం తల్లి నోరు మరీ ముల్లయింది. నీళ్లు వేడిగా ఉన్నాయంటుంది, చల్లగా ఉన్నాయంటుంది, దువ్వెన గుచ్చుకుందంటుంది. ఎవరైనా వచ్చి పాట మెచ్చుకుని వెళ్లిన రోజున ఇంకా ఎక్కువ. పొగడ్త తలకెక్కి అలా అయిందని కూతురి లెక్క.

మర్నాడు తమ్ముడు వచ్చాడు. చేతిలో పళ్ల సంచి, కొత్త చెప్పులు. ఊరి పెద్ద హాల్లో తల్లికి సన్మానమట, శనివారం సాయంత్రమట. పాటలో అమ్మని కళ్లారా చూడాలని జనం గోల పెడుతున్నారట.

"నాకొద్దు" అంది తల్లి.

"అలా అనకమ్మా. ఒక్క గంట. కూర్చుంటే చాలు. నువ్వేం మాట్లాడక్కర్లేదు."

"అది వస్తేనే వస్తా" తల్లి కూతురి వైపు గడ్డం ఎత్తి చూపించింది. "అది రాకపోతే నేనూ రాను."

"నేనెందుకు? చప్పట్లు కొట్టడానికా?" అంది కాలరక్క.

తల్లి లేచి పెరట్లోకి వెళ్లిపోయింది. తమ్ముడు పళ్లు ఒక్కొక్కటే తీసి పళ్లెంలో పేర్చసాగాడు. చిన్నప్పట్నుంచీ అంతే, గొడవ వచ్చేలా ఉంటే వాడి చేతులు ఏదో ఒకటి సర్దుతుంటాయి.

"అక్కా, కార్ఖానాలో ఏదో అన్నావట."

"నీదాకా వచ్చిందా? అయితే ఇక్కడే అంటాను విను. ఒరే, ఆ ముద్ద నీకెవరు పెట్టారురా?"

వాడు పండు పట్టుకుని ఆగిపోయాడు. "అమ్మ."

"కళ్లు మూసుకుని చెప్పు. ఆ చెయ్యి ఎంతుంది?"

వాడు కళ్లు మూసుకోలేదు. ఆమె మొహంలోకి చూశాడు. ఆటపట్టిస్తోందేమోనని మొదట కాస్త నవ్వబోయాడు. ఆ నవ్వు మెల్లగా పోయింది.

"నాకు చెయ్యే గుర్తుందక్కా. మొహం గుర్తు లేదు. చీకటి. పొయ్యిలో నిప్పు వెలుగు. 'నాకాకలి లేదు, నువ్వు తిను' అన్న మాట గుర్తుంది. అంత చిన్నప్పుడు అలా అనేది అమ్మ కాక ఇంకెవరుంటారనుకున్నా..."

దొంగతనం చేశాడని ఇన్నాళ్లూ అనుకుంది ఆమె. తెలిసీ తన ముద్ద తీసి తల్లి కంచంలో వేశాడని. దొంగైతే తిట్టొచ్చు. వీడికి అసలు తను గుర్తే లేదు. ఆమె బల్ల అంచు పట్టుకుంది.

"సరే, ఇప్పుడు తెలిసిందిగా. అమ్మ తీసేసి అక్క అను. ఏం పోతుంది?"

తమ్ముడు అలవాటు కొద్దీ వేళ్లతో బల్ల మీద తాళం వేసుకున్నాడు. పెదాలు మాత్రమే కదిలాయి. ఆకలి లేదని అన్నది అక్క. ఆఖరి ముద్దను ఇచ్చిన అక్క. అక్షరం జారలేదు, తాళం తొణకలేదు. అది వాడికంటే ముందు ఆమెకి వినబడింది.

"పట్టింది కదా?"

"పట్టింది" అన్నాడు వాడు, తప్పు ఒప్పుకున్నట్టు. "కానీ అక్కా... అమ్మ అంటే ఎవరికి వాళ్లకి గొంతు పూడుకుపోతుంది. అక్క అంటే... ఎవరక్క, ఏంటి కథ, అని అడుగుతారు. అడిగితే ఇక పాట లేదు. పైగా ఇప్పుడు అది నా చేతిలో లేదు. జనం నోట్లో ఉంది."

"నీ నోట్లో ఉన్నప్పుడు చూసుకోవాల్సింది."

వాడు పళ్లెంలో పళ్లు మళ్లీ తీసి మళ్లీ పేర్చాడు. పెరట్లో చెంబు కిందపడ్డ చప్పుడైంది. తల్లి అక్కడ తలుపు పక్కనే ఉన్నట్టుంది. ఎంతసేపటినుంచి ఉందో తెలియదు.

*

కాలరక్క హాలుకి వెళ్లింది. తల్లి కోసం కాదు. పాట మొదలైనప్పుడు లేచి నిలబడి, నిండు సభలో, అది నేను అని అరవాలని. రెండు రోజులు ఆ మాటనే మూలలు పొడుచుకుంటూ కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి, తమ్ముడి మొహం ఎలా మాడుతుంది, తల్లి తల ఎక్కడ దించుకుంటుంది. మిషను పాదం కింద గుడ్డ పోతున్నంతసేపూ అదే. ఆ రెండు రోజులూ కార్ఖానాలో ఎవరూ ఆమె పక్కన కూర్చుని తినలేదు. గుండీల పిన్ని అయితే కాలర్ల కట్ట అందుకోవడానికి కూడా చెయ్యి చాపలేదు, బల్ల మీద పెట్టమని కళ్లతో చూపించింది.

హాలు కిటకిటలాడింది. వేదిక మీద పెద్ద కుర్చీలో తల్లి పిట్టలా కనిపించింది. పక్కన పూలగుత్తి, వెనక గుడ్డ మీద పాటలోని మొదటి వరస పెద్ద అక్షరాల్లో. సభ నడిపే మేడమ్ గొంతు తేనెలో ముంచి తీసినట్టుంది.

"పాటని పాటగా వింటాం. కానీ ఈ పాట కవిత్వం, ఈ కవిత్వం జీవితం. ఆ జీవితం ఇదిగో, మన ముందు కూర్చుంది" అంది ఆవిడ. జనం చప్పట్లు కొట్టారు. "అమ్మా, మిమ్మల్ని ఒకే ఒక్క కోరిక కోరతాం. ఆనాడు మీ బిడ్డకి ఆ ముద్ద పెడుతూ అన్న మాట. ఒక్కసారి మీ నోటితో."

మైకు తల్లి మూతి దగ్గరికి వచ్చింది. పక్కన నిలబడ్డ తమ్ముడు ఏదో అనబోయాడు. తల్లి మైకుని రెండు చేతులతో, రోకలి పట్టుకున్నట్టు పట్టుకుంది.

"ఆ మాట నేననలేదు."

మేడమ్ మైకు అందుకోబోతే తల్లి వదల్లేదు.

"ఎప్పుడూ అనలేదు. నాకాకలి వేసేది. బాగా వేసేది. నా కంచంలోది నేనే తినేదాన్ని. అంతా తినేదాన్ని. ఆ మాట అన్నది నా కూతురు. అదిగో, అక్కడ కూర్చుంది."

కాలరక్క రెండు రోజులు పదును పెట్టుకున్న మాట ఆ ముసలి నోటినుంచి, ఏ పదునూ లేకుండా, బజారు సరుకులు చెప్పినట్టు బయటికొచ్చింది. ఆమె లేచి నిలబడింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియలేదు.

వేదిక మీద మేడమ్ రెండు క్షణాలు తడబడింది. తర్వాత ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నిజం నీళ్లే.

"చూశారా! చూశారా అమ్మంటే ఏమిటో! ఇంత మంది ముందు, ఇంత కీర్తి తన ఒళ్లో వచ్చి పడితే, దాన్ని కూడా తను తినకుండా తన బిడ్డకి పెట్టేసింది. ఇది ఇంకో ఆఖరి ముద్ద కాదూ!"

హాలు కప్పు ఎగిరిపోయేలా చప్పట్లు. మనుషులు లేచి నిలబడి కొట్టారు. తల్లి ఇంకా ఏదో అంటోంది, "కాదమ్మా, నిజంగానే" అన్నట్టు పెదాలు కదులుతున్నాయి. మైకు అప్పటికే ఆవిడ చేతిలో లేదు.

"కూర్చోండమ్మా, మాకు కనపడటం లేదు" అని వెనకనుంచి ఎవరో కాలరక్క భుజం తట్టారు.

వాయిద్యాలు మొదలయ్యాయి. తమ్ముడు మైకు ముందుకొచ్చి పాట ఎత్తుకున్నాడు. ఆకలి లేదని అన్నది, అన్నాడు. అక్కడ వాడి గొంతు ఆగింది. మొదటి వరసల్లో వెతికి అక్కని పట్టుకున్నాయి వాడి కళ్లు. వాడు ఏ మాట అనబోయాడో ఎవరికీ తెలియదు. హాలంతా ఒక్క గొంతుతో "అమ్మ" అంది. వాడు ఆ తర్వాత ప్రతి వరసలోనూ చివరి మాట వదిలేశాడు, ప్రతిసారీ హాలే పూరించింది. కవి జనం చేత పాడిస్తున్నాడని అందరూ మురిసిపోయారు.

*

తిరిగొచ్చేటప్పుడు కారు వెనక సీట్లో తల్లీ కూతురూ ఎడమెడంగా కూర్చున్నారు. మధ్యలో పూలగుత్తి. తమ్ముడు హాల్లోనే ఉండిపోయాడు, జనం వదల్లేదు.

చాలాసేపటికి కాలరక్క అంది. "ఇన్నాళ్లూ లేనిది ఇవాళెందుకు చెప్పావు?"

"నువ్వు చెప్పేలా ఉన్నావు. నీ నోటినుంచి వినే ఓపిక లేదు నాకు."

"మొదట్లోనే వాడికి చెప్పాల్సింది."

"చెప్పాల్సింది" అంది తల్లి. "కొత్తగా రాసినప్పుడు నా ఎదురుగా కూర్చుని పాడాడు. వాడి కళ్లల్లో నీళ్లు. అది నేను కాదురా, నేను పెట్టలేదురా అనాలి. ఏ తల్లికి నోరొస్తుందే? రేపు చెబుదాంలే అనుకున్నా. రేపటికల్లా అది వీధిలో పడింది. వీధిలో పడ్డ పాటని బా బా అని పిలిస్తే రావడానికి అదేమైనా కోడా?"

కారు గుంటలో దిగి లేచింది. తల్లి సీటు అంచు పట్టుకుంది.

"అది మోగినప్పుడల్లా నన్ను చెంప మీద కొట్టినట్టుండేది. పైకి పొగడ్త. లోపల, నువ్వు పెట్టలేదు, నువ్వు పెట్టలేదు అని. నీ మొహం చూస్తే ఇంకా మండేది నాకు. నువ్వు చేసినవన్నీ వరసగా పాడి వినిపించినట్టు."

జాలి కలగలేదు కాలరక్కకి. కలగాలేమో అని ఒకసారి లోపల వెతుక్కుంది కూడా. కోపమే ఉంది, కుదురుగా, ఎప్పటిలాగే.

"చూస్తూ చూస్తూ ఎలా తిన్నావమ్మా?" అంది. ఇన్నేళ్లలో అడగని ప్రశ్న. "నేను పెట్టేయడం నువ్వు చూసేదానివి. నేను చూశాను నువ్వు చూడటం."

"చూసేదాన్ని." తల్లి గొంతులో వణుకు లేదు. "పొద్దున్నే ఇటుకలు మోయాలి. తట్టకి ఇన్ని అని ఎత్తేవాళ్లు. మీ నాన్న చనిపోయిన ఏడాది తినకుండా వెళ్లి ఒకసారి మెట్ల మీద పడ్డాను. మేస్త్రీ మర్నాడు రావద్దన్నాడు. రెండు పూటలు మీరిద్దరూ నీళ్లు తాగి పడుకున్నారు. నీకు గుర్తుందో లేదో. అప్పుడే అనుకున్నా, ఇంకెవరు తిన్నా తినకపోయినా నేను తినాలి అని. నువ్వు నా వైపు చూస్తుంటే గోడ వైపు తిరిగి తినేదాన్ని. ఒక్కో ముద్దా రాయిలా దిగేది. అయినా దింపేదాన్ని. కంచంలో మెతుకు మిగిల్తే నీకు పెట్టాలనిపిస్తుందని మెతుకు మిగల్చకుండా తినేదాన్ని."

కారు మలుపు తిరిగితే పూలగుత్తి జారి వాళ్ల కాళ్ల దగ్గర పడింది.

"తిన్న తల్లి మీద ఎవరు రాస్తారే పాట?" అంది తల్లి. అని, పూలగుత్తిని కాలితో పక్కకి జరిపి, కళ్లు మూసుకుంది.

గోడ వైపు తిరిగిన ఆ వీపు కాలరక్కకి గుర్తుంది. ఆ వీపుని అసహ్యించుకుంటూనే పెరిగింది. దానికి అవతల ఒక మొహం ఉందని, అది నములుతూ ఏం చేస్తుందో చూడాలని ఎప్పుడూ తోచలేదు. ఇప్పుడు తోచి మాత్రం ఏం లాభం అనిపించింది. పక్కకి తిరిగి చూస్తే తల్లి నోరు కాస్త తెరుచుకుని నిద్రపోతోంది, లేదా పోతున్నట్టు నటిస్తోంది.

*

మర్నాడు కార్ఖానాకి సెలవు. మధ్యాహ్నం ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతుంటే ఫోను మోగింది. తమ్ముడు. రాత్రంతా నిద్రలేదన్నాడు. వాడి గొంతు నిజంగానే గరగరలాడుతోంది.

"అక్కా, నన్ను క్షమించమని అడగను. అడిగే మొహం కూడా లేదు. కానీ ఒక పాట రాస్తాను. అక్క మీద. అక్క అనే రాస్తాను. ఎవరక్క అని అడిగితే నా అక్క అని చెబుతాను. మొదటి రెండు వరసలు వచ్చాయి కూడా. నాకు ఇంకొంచెం కావాలి. ఆ జ్వరం రోజు నువ్వు నాకేదో చెప్పేదానివి కదా, గుడ్డ మారుస్తూ? కథా, పాటా? అదేంటో చెప్పు."

ఆమె చేతిలో రాయి ఉంది. చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య దొర్లించింది. ఆ పాట కోసం, ఆ ఒక్క మాట కోసం ఎన్ని పగళ్లు మండిపోయింది తను! ఇప్పుడది తలుపు తట్టి నిలబడితే ఒళ్లు గగుర్పొడవాలి. ఆమెకి ఆ హాలు కనిపించింది. తేనె గొంతు మేడమ్, లేచి నిలబడ్డ జనం, ఈసారి పెద్ద కుర్చీలో తను. తల్లి ఎక్కడుంటుంది? జనంలో. లేదా పాటలోనే, గోడ వైపు తిరిగి తింటూ.

"అక్కా? ఉన్నావా?"

"ఉన్నాను. ఒరే, అమ్మ తిన్నది రాయగలవా?"

"ఏంటి?"

"నేను ముద్ద ఇచ్చింది రాస్తావు సరే. అదే రాత్రి అదే పొయ్యి దగ్గర అమ్మ కడుపునిండా తిన్నది. నేను చూస్తుండగా తిన్నది. తిని పొద్దున్నే ఇటుకలకి పోయింది. అది కూడా అందులో ఉండాలి."

అవతల వాడు వేళ్లతో ఏదో కొలుస్తున్నాడని ఆమెకి తెలుసు.

"అది... పాటకి పనికిరాదక్కా. వినేవాళ్లకి అమ్మ మీద కోపమొస్తుంది. అది లేకుండా రాస్తాను."

"అయితే నేనూ పనికిరాను."

"అదేంటక్కా, నువ్వే కదా..."

"నేనే. నేనే అడిగాను, నేనే వద్దంటున్నాను. జ్వరం రోజు ఏం చెప్పానో నీకు గుర్తులేదు, నాకుంది. నా దగ్గర ఉండనీ. రాసిన రెండు వరసలు చించెయ్. నా మీద పాటొచ్చిందని విన్నానా, హాలుకొచ్చి నేను మాట్లాడతాను. నాకు మైకు ఎవరూ ఇవ్వక్కర్లేదు."

వాడు ఇంకా ఏదో అంటుండగానే ఫోను పెట్టేసింది. రాయిని గుమ్మం అవతలికి విసిరింది.

కిటికీ దగ్గరనుంచి తల్లి అడిగింది. "ఎవరే?"

"ఎవరో పాటలు రాసేవాడట."

"ఏం కావాలట?"

"ఏవో కావాలన్నాడు. మన దగ్గర లేవని చెప్పాను."

తల్లి కొంచెంసేపు వీధివైపే చూసింది. ఎవరో ఇద్దరు ఫోను పట్టుకుని ఇంటివైపు వస్తున్నారు, చెయ్యి ఊపుతున్నారు. ఆవిడ ముందుకి వంగి కిటికీ రెక్కలు రెండూ లాగి మూసేసింది. గదిలో వెలుగు తగ్గింది.

"చీకట్లో రాళ్లేం కనబడతాయే నీకు" అని కసిరింది. "ఇటు తే ఆ చేట."

"నీకు మాత్రం కనబడతాయా?" అంది కాలరక్క. అంటూనే చేటని మధ్యకి జరిపింది.